కారు తలుపు మీద గీతలు

ములుగు రోడ్డు మలుపులో ఒక మనిషి చేతులు ఊపుతూ కారుకు అడ్డం వచ్చాడు.

రాజేశ్వర్ రావు బ్రేకు వేశాడు.

ఆ మనిషి ఒళ్లంతా బురద. అంగీ మీద రక్తం, వాంతి. కిటికీలోంచి కొట్టిన వాసనకు రాజేశ్వర్ రావు ముక్కు మూసుకున్నాడు.

"సేట్, జర ఆగుండ్రి..."

"ఛీ! తాగి పొర్లినోనికి నా కారే దొరికిందిరా? తియ్యి చెయ్యి!"

అద్దం ఎక్కించి కారు పోనిచ్చాడు. ఆ మనిషి తలుపు పట్టుకుని కొంతదూరం పరుగెత్తాడు. అతని చేతి కడియం నల్లరంగు మీద కర్రుమని గీసుకుపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆ కారు వరంగల్ చౌరస్తాలో వలీ దుకాణం ముందు ఆగింది. కార్లకు రంగులూ, పాలిష్ మిషన్లూ అమ్ముతాడు వలీ.

"మంచి మిషను చూపియ్యి వలీ. ఇంట్లనే పెట్టుకుంట. ఈ గీతలు చూస్తే అన్నం లోపలికి పోతలేదు."

వలీ రెండు మిషన్లు బల్ల మీద పెట్టాడు.

"ఇది ఉన్నకాడ్నే గిర్రున తిరుగుతది సేట్. జల్ది పని చేస్తది. కానీ ఒక్క జాగల జరసేపు ఆపితే రంగు కాలిపోతది."

"మరి ఇది?"

"బొంబాయి నుంచి కొత్తగ వచ్చింది. తిరుక్కుంటనే అటిటు ఊగుతది. వేడెక్కది. టైం పడ్తది గని, కొత్త చేతికి ఇదే మంచిది. గీత ఉండెనన్న గుర్తు గూడ మిగలది."

"ఇదే ఇయ్యి. ఆ గలీజోని గుర్తు నాకొద్దు."

వలీ తలుపుకు పాలిష్ మందు రాసి, మిషను నడిపి చూపించసాగాడు. రాజేశ్వర్ రావు పక్కన నిలబడి, మధ్యమధ్య ఉమ్మేస్తూ జరిగింది చెప్పాడు.

వలీ మిషను ఆపాడు.

"నిన్న పగటిపూటనా సేట్? ఆ మలుపు కింద వాగుల బస్సు పడ్డది. ఆయన తాగినోడు కాదు. బండి కోసం ఉరికి ఉంటడు."

"అయితే నా కారు ఖరాబు చేస్తడా? ఆ కంపును ఎక్కించుకుంటే సీట్లు ఎవడు కడుగుతడు?"

వలీ అతని ముఖం చూడలేకపోయాడు.

"మిగిలింది మీరే కొట్టుకోండ్రి," అని మిషను చేతికిచ్చి, లోపలికి వెళ్లి చేతులు కడుక్కున్నాడు.

"వీనికి నెత్తికెక్కింది," అని గొణుక్కుంటూ రాజేశ్వర్ రావే పని ముగించాడు. గీతలు పోయాయి. తలుపు అద్దంలా మెరిసింది.

ఇంటికొస్తే తాళం ఉంది. పక్కింటి చిలుకమ్మ ఎదురొచ్చింది.

"సావిత్రమ్మ పెద్ద దవాఖానకు ఉరికింది అయ్యా. నిన్న బోల్తాపడ్డ బస్సుల మీ మరదలు నిర్మల ఉన్నదట. ఇయ్యాల పొద్దున తెలివొచ్చి పేరు చెప్పిందట."

దవాఖానలో నిర్మల తలకు కట్టుతో పడుకుని ఉంది. అతని భార్య సావిత్రి, చెల్లెలి చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"బావా, నన్ను బస్సులకెల్లి బయటికి గుంజినాయన ఎట్లున్నడు?"

రాజేశ్వర్ రావు భార్య వైపు చూశాడు.

"పాణం పోయిందట," అంది సావిత్రి. "ఎవ్వలో, ఏ ఊరో ఎవ్వలకు తెల్వది."

నిర్మల కళ్లు మూసుకుంది.

"నాకంటే ఆయనకే ఎక్కువ దెబ్బలు తాకినయి బావా. నన్ను భుజాన ఏసుకొచ్చి గట్టు కింద పండబెట్టిండు. 'ఓపిక పట్టు బిడ్డా, కారొస్తాంది, నిన్ను ఎక్కిస్త' అనుకుంట రోడ్డు మీదికి ఉరికిండు."