లేవకూడని చోట లేచిన గీత

"మళ్ళీ తగలేశావా?"

కంప్యూటర్ తెర మీద గీత లేవకూడని చోట లేచి నిలబడింది. దాన్ని చూసి గైడు పళ్ళు కొరికాడు. పరిశోధక విద్యార్థిని మాత్రం బెదరలేదు. ఇవాళ తాడోపేడో తేల్చుకోవాలనే వచ్చింది.

"నేనేం తగలెయ్యలేదు సార్. చిప్పు సరిగ్గానే చెప్తోంది."

చిప్పంటే బొటనవేలంత గాజుపలక, దాని మీద వెంట్రుకంత సన్నటి కాలువ. అందులో రక్తం తేట చుక్క వేసి కరెంటు పెడితే ప్రోటీన్ ముక్కలు విడిపోయి పరిగెడతాయి. చిన్నవి ముందు, పెద్దవి వెనక. ఒక్కో ముక్క చివరికి చేరినప్పుడల్లా తెర మీద గీత లేస్తుంది. రక్త క్యాన్సర్ ఉన్నవాళ్ళకి ఒకచోట అదనంగా లేస్తుంది. జబ్బు ముదరకముందే దాన్ని పట్టుకోవాలని ఆమె ఏళ్ళ తరబడి నానా చాకిరీ చేసింది. ఈ నెలలో థీసిస్ ఇవ్వకపోతే సీటు పోతుంది. గైడంటే దారి చూపేవాడంటారు గానీ, ఈయన దారికి అడ్డంగా కుర్చీ వేసుకున్న రకం.

"ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తంలో ఆ గీత ఎలా వస్తుందమ్మా? రోగుల రక్తం గొట్టాలతో కలిపేసుంటావ్!"

"ఆరోగ్యంగా ఉన్నారని ఎవరు తేల్చారు? ల్యాబులో కనపడ్డ ప్రతివాళ్ళ చెయ్యీ పొడిచి తీసిందేగా! పేర్లు తీసేసి నంబర్లు అంటించింది కూడా మీరే."

"నోర్ముయ్. కొత్త చిప్పు పెట్టు."

పెట్టింది. అదే గీత. ద్రావణం మార్చమన్నాడు, మార్చింది. అదే గీత. చివరికి "నీ చేతుల్లోనే ఉంది దరిద్రం, లే" అని ఆమెని కుర్చీలోంచి లేపి, తానే తొడుగులు వేసుకుని కూర్చున్నాడు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా దిగమింగుకుని తెర వంకే చూసింది.

గీత మెల్లగా సాగి సాగి, సరిగ్గా అక్కడికొచ్చి చివ్వున లేచింది.

హమ్మయ్య! ఆమెకి ప్రాణం లేచొచ్చింది. "ఇప్పుడేమంటారు సార్? మీ చేతులు కూడా దరిద్రపువేనా?"

గైడు తిట్టలేదు. "ఇంకొక్కసారి చూద్దాం. ఎక్కడో తప్పు జరిగుండాలి," అన్నాడు బతిమాలుతున్నట్టు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. "ఇంకెన్నిసార్లు చూస్తారు? ఎవరికో జబ్బుంటే అది వాళ్ళ ఖర్మ. దానికి నా బతుకు బుగ్గి చేస్తారా? చిప్పు కరెక్టని ఒప్పుకోండి, చాలు!"

"ఒప్పుకుంటాను." గైడు తొడుగులు విప్పి పక్కన పడేశాడు. "నీ చిప్పు కరెక్టే. సంతకం కూడా పెడతాను. కానీ ముందు ఆస్పత్రికి పద తల్లీ, ఆ రక్తం నీది."