నడిమి గొట్టం

నేలలో నల్లనూనె ఊరే ఒక అడవిలో ఈరమ్మ అనే ఎలుగుబంటి బట్టీ నడిపేది. కాగిన నూనె ఆవిరై పైకి లేచి, చల్లబడి, మూడు గొట్టాల్లోంచి కారేది. పై గొట్టంలో పలచనిది కుందేళ్ల దీపాలకి, కింది గొట్టంలో చిక్కనిది దున్నల బండ్ల ఇరుసులకి. నడిమి గొట్టం ఎప్పుడూ చిక్కని నూనె కుండలోకే వంగి ఉండేది. వాళ్లమ్మ అలాగే పెట్టింది మరి.

ఆ ఏడాది దున్నల ఇళ్ల ముందే గడ్డి మొలిచి, మేతకి దూరం పోయే పని లేక సగం బండ్లు ఆగిపోయాయి. కుందేళ్లకేమో పిల్లలు పుట్టి, బొరియకో దీపం కావాల్సొచ్చింది.

"ఇంకాస్త కాచు ఈరమ్మత్తా, దానికింత ఆలోచనెందుకు?" అంది కుందేలు.

"కాస్తే చిక్కనిదీ వస్తుందే పిల్లా! ఆ కుండ ఇప్పటికే నిండబోతోంది. పొర్లి పక్కనున్న చెరువులో పడితే కప్పలు బతకవు."

ఈరమ్మ నడిమి గొట్టం కింద దోసిలి పట్టింది. అటూ ఇటూ కాని ఈ నూనె దీపంలో పోస్తే ఏమవుతుంది? గొట్టాన్ని పలచని కుండవైపు తిప్పి, వత్తి ముంచి వెలిగించింది. వెలిగింది కానీ పొగ చిమ్మింది. సగం ధారే అందులో పడేలా గొట్టాన్ని వెనక్కి జరిపి, మళ్లీ వెలిగించింది. పొగ లేదు. అదే కాపుతో దీపాలన్నిటికీ నూనె సరిపోయింది, చిక్కని కుండా పొర్లలేదు.

ఎండలు ముదిరి గడ్డి మాడగానే దున్న బండి కట్టుకొచ్చింది. అప్పటికే ఈరమ్మ గొట్టాన్ని చిక్కని కుండవైపు తిప్పుతోంది.

"ఏమ్మా కోడలా, మీ అమ్మ రోజుల్లో ఆ గొట్టం కదిలేది కాదే!"

"మా అమ్మ రోజుల్లో మీరూ ఇంటిపట్టున కూర్చోలేదు కదా మామా!"