నిప్పుకోడి ముఖం

"వీళ్లలో మనవాడెవడ్రా?" అంది తల్లి, టీవీకేసి కళ్లు చికిలించి.

"మనవాళ్లూ పైవాళ్లూ లేరమ్మా. ఎర్రజట్టు, నీలంజట్టు. అంతే."

"మరి ఎవరికోసం చూడను?"

అతను తల పట్టుకున్నాడు. వీడియోగేమ్ పోటీలను ఇంటిల్లిపాదీ చూసే ఆటగా చేసి తీరతానని చానల్లో పంతం పట్టింది అతనే. మామూలు జనం ఎలా చూస్తారో తెలుసుకుందామని ఫైనల్ రోజున స్టూడియో వదిలి, తల్లి పక్కన చేరాడు. ఆమె ఇప్పటికి రెండుసార్లు ఆవలించింది.

"పోనీ, ఆడేవాళ్ల మొహాలైనా చూపించొచ్చుగా?"

పుండు మీద కారం చల్లినట్టయింది. ఎవరింట్లోవాళ్లు కూర్చుని ఆడే పోటీ ఇది. ఎర్రజట్టులో అందరినీ మించిన ఆటగాడు 'నిప్పుకోడి'. పేరుకు తగ్గట్టే తల దాచుకున్నాడు. పోటీ నడిపేవాళ్లు చిరునామా ఇవ్వరు. ఇంటర్వ్యూ ఇవ్వమని ఎన్ని మెయిళ్లు పెట్టినా ఒకటే జవాబు: 'ఇంట్లో తెలియదు.'

చానల్ డైరెక్టరు ఇవాళ పొద్దున్నే తేల్చేశాడు. "ముఖం లేని వీరుణ్ణి జనం నెత్తిన పెట్టుకోరయ్యా. రేపటికల్లా అతన్ని కెమెరా ముందు కూర్చోబెట్టు. లేదా, ఈ కార్యక్రమం ఇంతటితో సరి."

మేడమీంచి టకటకమని కీబోర్డు చప్పుడు.

"ఈ ఇంట్లో నా ఉద్యోగమంటే ఎవరికైనా లెక్కుందా?" అని విసుక్కున్నాడు.

"కోడలు కంప్యూటర్లో ట్యూషన్ పిల్లలకి పాఠాలు చెప్పుకుంటోంది. దాని జోలికెందుకు?"

"ఫైనల్ రోజు కూడానా? అప్పుడెప్పుడో ఈ ఆట నేర్పమంటే 'నీకెందుకొచ్చిన గోల' అన్నాను. ఆ అలక ఇంకా తీరినట్టు లేదు."

తెరమీద నీలంజట్టులో ఇద్దరు మిగిలారు. ఎర్రజట్టులో నిప్పుకోడి ఒక్కడే. వంతెన కింద నక్కి ఉన్నాడు.

"వెనక్కి చూడరా సన్నాసీ!" తల్లి కుర్చీ అంచుకి జరిగి అరిచింది.

అతను ఉలిక్కిపడ్డాడు. ఇన్నాళ్లకు ఒక్క అరుపు! ఆనందించే ఓపిక కూడా లేదు. రేపటితో ఆఖరాయె.

"వాడికి వినపడదమ్మా. ఎవరూ చూసి ఉప్పందించకుండా, ఆటని కాస్త ఆలస్యంగా చూపిస్తాం. ఈపాటికి అక్కడ అయిపోయే ఉంటుంది."

"అయిపోయినదానికా నాచేత అరిపిస్తున్నావు!"

మేడమీద టకటకలు ఎప్పుడో ఆగిపోయాయి. భార్య వేళ్లు విరుచుకుంటూ మెట్లు దిగివచ్చింది.

"అయ్యాయా పాఠాలు? కనీసం చివరి నిమిషమైనా చూసి పుణ్యం కట్టుకో" అన్నాడు అతను చిరాగ్గా.

ఆమె టీవీకేసి ఒక్క చూపు చూసి వంటింటివైపు నడుస్తూ, "అత్తయ్యా, మీ టీవీలో నేనింకా వంతెన కిందే ఉన్నట్టున్నాను, ఆ ఇద్దరూ పడేలోపు కాఫీ పెట్టుకొచ్చేస్తా" అంది.