కొట్టివేత

ఊళ్ళోవాళ్ళ రాతలన్నీ ఎడాపెడా కొట్టేసే ప్రూఫ్‌రీడరుకు తన సొంత కథ మాత్రం ఒక పట్టాన తెమలడం లేదు. "ఈ రాత్రి పన్నెండు కొట్టేలోగా ముగించకపోతే ఇక జన్మలో కథ రాయను" అని భార్య దగ్గర ఒట్టేసి, అందరూ వెళ్ళిపోయిన ఆఫీసులో ఒక్కడే కూర్చున్నాడు.

చిక్కంతా కథలోని మేనత్తతోనే. గయ్యాళి మనిషి. ఆమె నోరు మూతపడితే తప్ప కథ ముగిసేలా లేదు. విసుగెత్తి ఆమె మాట ఒకటి కొట్టేశాడు.

ఎవరో తలుపు కొట్టారు.

తీసి చూస్తే వరండాలో పురుగు కూడా లేదు. తిట్టుకుంటూ వచ్చి ఆమె మాట ఇంకొకటి కొట్టేశాడు. మళ్ళీ చప్పుడు. ఈసారి గదిలోపల, బీరువా మీద. మూడోది కొట్టేసరికి బల్ల కిందినుంచి, సరిగ్గా అతని మోకాళ్ళ దగ్గర.

"ఎవర్రా అది? ఆటలుగా ఉందా?" అని అరిచాడు. వంగి బల్ల కింద చూస్తే అతని చెప్పులే ఉన్నాయి.

పన్నెండుకు ఇంకొక్క నిమిషమే ఉంది. "నేనెక్కడికీ పోనురా" అన్న మేనత్త మాట ఒక్కటే మిగిలింది. పీడ వదుల్తుందనుకుని దానిమీద కలం ఆనించాడు.

చెవి పక్కనే ఒక ఆడగొంతు, చల్లగా:

"ఏదీ, ఇప్పుడు కొట్టరా చూద్దాం."

గోడ గడియారం పన్నెండు కొట్టడం మొదలుపెట్టింది. అతని చెయ్యి బిగుసుకుపోయింది. అందులోని కలం మాత్రం మెల్లగా కదిలింది, కథ పైన రాసుకున్న అతని పేరు వైపు.