మూడు కొలువులు

ఇనోంగె అతని మాట పూర్తి కానివ్వలేదు.

“నువ్వెవరో మాకు తెలుసులే పెద్దాయనా, కూర్చో!”

కుళాయి చుట్టూ చేరిన ఆడవాళ్లు గొల్లున నవ్వారు.

రాజధాని లుసాకా నుంచి వచ్చిన ఆ నెరిసిన గడ్డం మనిషి పేరు సిట్వాలా. మోంగు శివారులోని ఆ పేటలో ముందే డబ్బు కట్టి నింపుకున్న కార్డు ఆనిస్తేనే కుళాయి నీళ్లిస్తుంది. కార్డు ఖాళీ అయిన ఇళ్లవాళ్లు కాలువ నీళ్లే తాగారు. పోయిన వానల్లో ఇనోంగె చెల్లెలి బిడ్డను కలరా మింగేసింది. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు.

“సర్కారులో నీటి విధానాలు రాసే కొలువు చేశావా, లేదా?”

“చేశాను.”

“ఈ కార్డులు పెట్టిన కంపెనీలో?”

“అక్కడా చేశాను.”

“ఇప్పుడు సేవాసంస్థ చొక్కా తొడుక్కుని మా ఏడుపులు రాసుకుపోవడానికొచ్చావు! ఎక్కడ మేత ఉంటే అక్కడికేనా? చచ్చిన మా పసిదాని పేరు మీదా జీతం తీసుకుంటావా?”

“విను తల్లీ. ఈ కార్డుల మీద వచ్చే నెల కోర్టులో విచారణ ఉంది. మీలో ఒకరు వచ్చి సాక్ష్యం చెబితే...”

“నీ వెంటా? సిగ్గులేదూ అడగడానికి?”

ఎవరో బకెట్టెడు మురుగునీళ్లు అతని బూట్ల మీద కుమ్మరించారు.

అతను తడి కాళ్లతోనే బస్సు వైపు నడిచాడు.

ఇనోంగె అక్కడితో ఊరుకోలేదు. పేట పేరు చెప్పి, సంస్థకు ఫోన్ చేసి కడిగేసింది. “కంపెనీ ఎంగిలి తిన్నవాణ్ణి మా మీదికి తోలతారా? మళ్లీ పంపితే మిమ్మల్నీ రానివ్వం!”

వానలు మొదలయ్యేసరికి రేడియో తీర్పు చెప్పింది. కార్డులు రద్దు!

పేటంతా కుళాయి దగ్గర చిందులేసింది. ఇనోంగె ఎండుచేపలు మూటగట్టుకుని లుసాకా బస్సెక్కింది.

సేవాసంస్థ ఆఫీసులో నమాకావు అనే పడుచు లాయరు ఎదురొచ్చింది.

“మమ్మల్ని గెలిపించిందెవరు తల్లీ? మా ఆనవాయితీ ప్రకారం ఆయన ముందు మోకరిల్లి, చప్పట్లు చరచి మొక్కాలి.”

“కార్డులొద్దని రాసినందుకు సర్కారు తీసేసిన మనిషమ్మా. నీళ్లాపితే జనం చస్తారని తెలిసే ఆపుతున్నారని కంపెనీ పెద్దల మొహాన అడిగితే, వాళ్లూ గెంటేశారు. ఆ సంగతే విచారణలో నిలబడి చెప్పారు. ఇంకెవరూ నోరు విప్పలేదు.”

“ఎక్కడున్నారిప్పుడు?”

“చనిపోయారు. తీర్పు వినకుండానే.”

ఇనోంగె మూటను బల్ల మీద పడేసింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

“అంతటి మనిషిని మీరైనా కొలువులో పెట్టుకోలేకపోయారా? మీదేం సేవ?”

నమాకావు తల దించుకుంది.

“పెట్టుకున్నామమ్మా. మోంగు ఆడవాళ్లు ఆయన్ని వద్దన్నారని మేమే తీసేశాం... అయినా సాక్ష్యానికి సొంత ఖర్చులతో వచ్చి, అక్కడ కలరాకు చచ్చిన ఓ పసిదాని పేరుతోనే మొదలుపెట్టారు.”