వాడుకలో లేని నంబరు

“తలుపు పెట్టాల్నా?” అని అడిగి, జవాబు రాకముందే పెట్టేశాడు ఆ పెద్దమనిషి.

తలుపు పెడితే ఆ గది గది కాదు, పొయ్యి. గోడల నిండా పాత బొంతలు, గుడ్ల అట్టలు. ఫ్యాన్ వేస్తే మైకు దాని చప్పుడు కూడా పట్టేస్తుంది కాబట్టి ఫ్యాన్ వేయడానికి లేదు. స్టేషన్ ఘన్‌పూర్‌లో, అదీ రైలు పట్టాల పక్కన, గొంతు రికార్డు చేసే పని పెట్టుకున్న మనిషికి బుద్ధుందా అంటారు చూసినవాళ్లు. సుజాత పట్టించుకోదు. రైలుకూ రైలుకూ మధ్య పని చేసుకుంటుంది.

“ఒకటి నొక్కండి, రెండు నొక్కండి” అని ఫోన్లో చెప్పే గొంతు ఆమెది. జనగామలో ఒక దవాఖానకు చేసినా, మహబూబాబాద్‌లో ఒక విత్తనాల దుకాణానికి చేసినా ముందు పలికేది సుజాతే. కొత్తగూడ అడవి పక్క తండాలో పుట్టిన పిల్ల అని ఆ గొంతు విన్నవాళ్లెవరూ అనుకోరు. మైకు ముందు కూర్చుంటే ఉన్న యాసంతా గీకి గీకి తీసేస్తుంది. ఆ మాట గొప్పగా చెప్పుకుంటుంది కూడా.

తల్లి రుక్కి దగ్గర మాత్రం ఆ పప్పులుడకవు. రుక్కి దవాఖానకు ఫోన్ చేసి “ఒకటి నొక్కండి” అని వినపడగానే “తిన్నవా బేటీ?” అంటూ మొదలుపెడుతుంది. మిషన్ తన పాటికి తాను చెప్పుకుపోతుంటే, “గంత మర్యాద దేనికే? నేను మీ యాడిని, కన్నతల్లిని” అని కోప్పడుతుంది. అది మనిషి కాదు, రికార్డు అని ఇద్దరు కూతుళ్లూ చెప్పి చెప్పి అలసిపోయారు. చిన్నది పూజ, తల్లి మాటలు అనుకరించి చూపిస్తూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. అది ఇష్టపడ్డవాణ్ణి గుళ్లో పెళ్లాడి భూపాలపల్లి వెళ్లిపోయింది. ఆ పెళ్లికి ఇటువాళ్లెవరూ వెళ్లలేదు. ఇప్పుడా కోపాలు లేవు. దీపాల వేళకు రుక్కి ఫోన్ ఇద్దరికీ మోగాల్సిందే.

“ఒక్క ముక్కనే చెప్పాలె మేడం,” అన్నాడు ఆయన, చెమట కూడా తుడుచుకోకుండా. “నంబరు బంద్ అయితె ఫోన్ల ఒకామె చెప్తది గద, గట్ల.”

“ఎందుకన్నా?”

“ఇంట్ల పిల్ల ఉన్నది. పొద్దుమాపు ఫోన్లు చేసి దాని మనసు ఖరాబ్ చేస్తున్నరు. చదువు రానోళ్లు. మిషన్ చెప్తె నమ్ముతరు.”

సుజాతకు ఒళ్లు మండింది. ఆడపిల్ల నంబరు దొరికితే చాలు, ఈ వెధవలకు ఇంకో పనుండదు. అలాంటి ఫోన్లు ఆమె కూడా ఎత్తింది ఒకప్పుడు.

“నంబరు మార్చరాదా?”

“బ్యాంకు, ఆధార్ అన్నీ దానికే ఉన్నయి.”

“పోలీసోళ్లకు చెప్పిన్రా?”

ఆయన నవ్వాడు. “ఇంటి ముచ్చట ఠాణా దాక ఎందుకు మేడం?”

జేబులోంచి ఒక ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. పిల్లదట. కవర్ పీకేసి ఉంది. వెనకవైపు స్టిక్కర్ బొట్టు ఒకటి అంటుకొని ఉంది.

“ఫోన్ వస్తె దానంతట అదే ఎత్తి గీ మాట చెప్పేటట్టు మా పిలగాడు పెడతడు.”

“పిల్లకు తెలుసా?”

“తెల్వాల్సిన పనేమున్నది?”

“ఎట్లున్నది ఇప్పుడు?”

“ఇంట్లనే ఉన్నది. బయటికి పంపుతలేం.”

ఆ చెప్పిన తీరు సుజాతకు నచ్చలేదు. ఏదో అడగబోయింది. అంతలో గూడ్సు బండి వచ్చింది. గది అదిరింది. బండి పోయేదాకా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూస్తూ కూర్చున్నారు. ఆయన రెప్ప వేయలేదు. బండి వెళ్లాక ఆమె మైకు సరిచేసుకుంది. కూతురి మీద బెంగ పెట్టుకున్న తండ్రి అలాగే ఉంటాడులే అని సర్దిచెప్పుకుంది. ఆ పిల్ల గట్టెక్కితే అంతే చాలు.

గోరువెచ్చని నీళ్లు ఒక గుక్క తాగి, పెదాల మీదికి నవ్వు తెచ్చుకుని మైకు ముందుకు జరిగింది.

“మీరు డయల్ చేసిన నంబరు ప్రస్తుతం వాడుకలో లేదు. దయచేసి సరిచూసుకోండి.”

“జర నవ్వు తగ్గించుర్రి. అక్కడ ఎవ్వరు లేనట్టు ఉండాలె.”

మళ్లీ చెప్పింది. ఈసారి నిజంగానే అక్కడ ఎవరూ లేనట్టుంది. తన గొంతు వింటే తనకే కొంచెం భయం వేసింది. ఆయన ముఖం మాత్రం వెలిగిపోయింది.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. పనిలో తనకు సాటి లేదని చూపించుకోవాలి కదా! అడక్కుండానే ఉపాయం కూడా చెప్పింది.

“ఎంబడే ఎత్తితె అనుమానం వస్తదన్నా. ఒక్కసారి మోగినంక రావాలె. తెలుగుల అయిపోంగనే ఇంగ్లీషుల కూడ వస్తె ఇగ ఎవ్వలన్న నమ్ముతరు.”

ఇంగ్లీషులో కూడా చెప్పి ఇచ్చింది. ఫోన్లోకి ఎక్కించుకున్నాక, ఆమె కంప్యూటర్లో ఉన్నదాన్ని తన కళ్లముందే తీసేయించి, ఆయన లేచాడు.

“మీ పిల్లకు మంచిగైతదన్నా. జర ధైర్యం చెప్పుర్రి,” అంది సుజాత.

ఆయన వెనక్కి తిరగలేదు. తలుపు బార్లా తెరిచి వెళ్లిపోయాడు.

మర్నాడు దీపాల వేళకు ఎప్పట్లాగే తల్లి ఫోన్ వచ్చింది. ముందు చిన్నదానికి చేసి, ఆ తర్వాతే పెద్దదానికి చేయడం రుక్కి అలవాటు. సుజాత నవ్వుతూ ఎత్తింది.

“తిన్నవా యాడీ?”



“చెల్లెకు ఫోన్ చేస్తె నువ్వెత్తి గట్ల మాట్లాడినవేంది బేటీ, పూజ ఏది?”