మంచి ఎర్త్

యాక్సిలరేటరు మీద కాలు వేయగానే స్పీకర్లు కుయ్‌మని ఏడుపు అందుకున్నాయి. కాలు తీస్తే తగ్గింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ పెరిగింది.

“పాటతో పాటు కుక్కపిల్లని కూడా కట్టేశారా లోపల?” వంటింటి కిటికీలోంచి భార్య కేకేసింది.

“కొత్త ఆంప్లిఫయరు కదా, సర్దుకుంటుంది!” అంటూ లెక్కల మాస్టారు కారు దిగి, వెనక్కి వెళ్ళి డిక్కీలోకి నడుం దాకా దూరాడు.

బడిలో అతను లెక్కలు బాగా చెబుతాడు. చేతిపని అంటే మాత్రం ఇంట్లో అందరికీ నవ్వే. క్యాలెండరుకి మేకు కొట్టబోయి గోడ పెచ్చు ఊడగొట్టిన మనిషి. అలాంటివాడు నిన్న ఆంప్లిఫయరు కొనుక్కొచ్చి, మెకానిక్కు అక్కర్లేదు, నేనే బిగిస్తానన్నాడు.

వరండాలో కుర్చీలో కూర్చున్న మామగారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. నలభై ఏళ్ళు కార్ల వైరింగు చేసిన చెయ్యి ఆయనది. ఆ కుడిచేతికి వణుకు పట్టుకుంది. ఓ రోజు ఎవరి కారుకో వైర్లు తారుమారు చేశారు. ఆ సాయంత్రమే షెడ్డు తాళం తెచ్చి కూతురి చేతిలో పెట్టేశారు. ఎనిమిది నెలలైంది. అప్పట్నుంచి ఆ కుర్చీ, ఆ పేపరు. పనిముట్ల పెట్టె మంచం కిందకి పోయింది. మాట కూడా దాని వెనకే పోయింది.

“పోనీ నాన్నని అడగకూడదూ?” భార్య బయటికొచ్చి మెల్లగా అంది.

“ఆయన్నెందుకు ఇబ్బంది పెట్టడం? వీడియో చూశాను. ఈ నల్ల వైరు విప్పి బండికి ఇంకెక్కడైనా తగిలిస్తే సరి. దాన్నే ఎర్త్ అంటారు.” మాస్టారు గట్టిగానే చెప్పాడు. డిక్కీ లోపలి అట్టని పట్టుకున్న చిన్న స్క్రూ ఒకటి వెతికి, వైరు దానికి చుట్టసాగాడు.

పేపరు బెత్తెడు కిందికి దిగింది.

“అది ప్లాస్టిక్కులో దిగిన స్క్రూ.”

“ఏవన్నారు మావయ్యా?”

“ఏం లేదు.”

మాస్టారు ఇంకో రెండు చుట్లు చుట్టాడు. స్క్రూ ఊడి కింద పడింది. తీసి మళ్ళీ అక్కడే గుచ్చాడు. మామగారు ఇక పట్టలేకపోయారు.

“అల్లుడుగారూ! ప్లాస్టిక్కుకి ఎర్త్ ఇవ్వడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే!”

“అయితే ఇదిగో, ఈ బోల్టుకి ఇస్తాను.”

“దాని మీద రంగుంది. రంగు కరెంటుని పోనిస్తుందా?”

కుర్చీ కిర్రుమంది. మామగారు చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి వచ్చారు.

“గరుకు కాగితం ఉందా?”

“లేదండీ.”

“పళ్ళ వాషరు?”

“పళ్ళకి కూడా వాషరుంటుందా?”

ఇలాంటివాడికా పిల్లనిచ్చాను అన్నట్టు చూసి, మామగారు కూతురి వైపు తిరిగి అరిచారు. “అమ్మాయ్! నా పెట్టె తీసుకురా!”

ఆమె పరుగున వెళ్ళి మంచం కింది పెట్టె లాక్కొచ్చింది.

పెట్టె మూత తీసి మామగారు స్పానరు అందుకున్నారు. చెయ్యి వణికి అది బోల్టు మీంచి జారింది. మళ్ళీ జారింది. మాస్టారు అదే సమయానికి టైరులో గాలి ఎంతుందో చూస్తున్నాడు.

“ఇటు రావయ్యా. నువ్వు పట్టు, నేను చెబుతాను,” అన్నారు మామగారు. “రుద్దు. ఇంకా రుద్దు. వెండిగిన్నెలా మెరవాలి. ఇంత పొడుగు వైరెందుకు, బట్టలారేసుకోవడానికా? మూరెడు చాలు, కొయ్యి. బిగించు. ఊఁ, ఇప్పుడు స్టార్ట్ చెయ్యి.”

కూత సగానికి సగం తగ్గింది. పూర్తిగా పోలేదు.

“ఈమాత్రం చాల్లే నాన్నా,” అంది కూతురు.

“చాలా? చెప్పులో రాయి పెట్టుకుని నడుస్తావా?”

పెట్టెలోంచి వోల్టులు కొలిచే మీటరు తీయించి, దాని వైరు ఒక కొస డిక్కీలో మెరిపించిన బోల్టుకి, పొడుగు వైరుతో రెండో కొస ముందున్న బ్యాటరీ మైనస్‌కి పెట్టించారు. పాట పెద్దగా పెట్టి, కళ్ళజోడు సర్దుకుని అంకె చూశారు.

“అర వోల్టు మధ్యలో పోతోంది. డిక్కీలో ఎర్త్ భేషుగ్గా ఉంది. దొంగ దారిలో ఉన్నాడు.”

బానెట్టు కింద కళ్ళు మూసుకుని, వణకని ఎడమచేత్తో వైర్లన్నీ తడుముకుంటూ పోయారు. బ్యాటరీ వైరు కారు బాడీకి కలిసే చోట ఆ చెయ్యి ఆగింది. బోల్టు వేలికే తిరిగింది.

“దొరికాడు! ఇది వదులుంటే ఎక్కడ ఎర్త్ ఇచ్చినా దండగే. బిగించవయ్యా!”

మాస్టారు బిగించాడు. ఈసారి మామగారే స్టీరింగు ముందు కూర్చుని యాక్సిలరేటరు నొక్కారు. ఇంజన్ గర్జించింది. స్పీకర్లలో పాట తప్ప ఇంకేమీ లేదు. ఇంకాస్త నొక్కి చూశారు. పాటే.

ఆయన నవ్వు కూతురికి కారు అద్దంలోంచి కనిపించింది.

“ఆదివారం షెడ్డు తాళం తీద్దాం,” అన్నారు కారు దిగుతూ. “చేతులు నీవి, బుర్ర నాది. నీ బుర్ర మాత్రం బడిలోనే ఉంచుకో. ఒప్పుకుంటావా?”

“మీరు తిట్టనంటే ఒప్పుకుంటాను.”

“అయితే ఒప్పుకోకు!”

చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తూ ఆయన కూనిరాగం తీశారు. భార్య కళ్ళు తుడుచుకుంది.

“ఎన్నాళ్ళకి విన్నానండీ ఆ గొంతు! ఆ పాడు బోల్టు ఎప్పుడు వదులైందో గానీ, దానికి దణ్ణం పెట్టాలి.”

మాస్టారు పెరటివైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు.

“నిన్న నువ్వు స్నానం చేస్తున్నప్పుడు వదులు చేశాను.”